బెజవాడ మేయరు కుర్చీ - కొన్ని తెలుసుకోవలసిన సంగతులు

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినపుడు మా అమ్మ ఒక ప్రశ్న వేసింది. "ఏరా, మేయరు పెద్దా, కలెక్టరు పెద్దా?" అని. మాది దివిసీమలో ఒక చిన్న పల్లె. అమ్మ నాట్లకు, కోతలకు వెళ్ళే మనిషి. మా ఇంట్లో డిగ్రీ చేతికొచ్చినది మాకే మొదలు కాబట్టి కరెంటు బిల్లు దగ్గర నుండి కాగితం ఏది వచ్చినా మమ్మల్నే అడుగుతారు. పి.జి. చదువుతున్నామన్న పేరే గానీ ఆ రోజు మాకు జవాబు తెలియలేదు. తిరిగి వచ్చాక లైబ్రరీలో కూర్చుని తెలుసుకున్నదే ఈ వ్యాసం.

విజయవాడ మున్సిపాలిటీగా ఏర్పడింది 1888లో. కార్పొరేషన్ అయింది 1981లో. అంటే తొంభై మూడేళ్ళ పాటు ఈ ఊరికి మేయరు అనే వారే లేరు, ఛైర్మన్లే. ప్రప్రథమ మేయరు కమ్యూనిస్టు పార్టీకి చెందిన టి. వెంకటేశ్వరరావు గారు. ఆ తరువాత తెలుగుదేశం తరఫున జంధ్యాల శంకర్ గారు మేయరయ్యారు. అయితే మన వయసు వారు ముఖ్యంగా తెలుసుకోవలసిన పేరు ఇంకొకటుంది. అది పంచుమర్తి అనురాధ గారిది.

2000వ సంవత్సరంలో ఆమె విజయవాడ మేయరుగా ఎన్నికైనపుడు ఆమె వయసు 26 సంవత్సరాలు మాత్రమే! అంత చిన్న వయసులో మేయరు అయినందుకు అప్పట్లో లిమ్కా రికార్డుల పుస్తకంలో కూడా ఎక్కారు. చేనేత వృత్తి గల వెనుకబడిన కులం నుండి వచ్చిన మహిళ. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో మేయరును ప్రజలే నేరుగా ఓటు వేసి ఎన్నుకునేవారు. కార్పొరేటరుకు ఒక ఓటు, మేయరుకు ఒక ఓటు. కనుక ఆమె గెలిచింది ఒక డివిజన్‌లో కాదు, నగరమంతటా గెలిచారు. 2005 ఎన్నికల నుండి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు కార్పొరేటర్లు తమలో ఒకరిని మేయరుగా ఎన్నుకుంటారు. మా ఉద్దేశ్యంలో పాత పద్ధతే మేలు. మేయరు ఎవరో ఓటు వేసేటపుడే తెలియాలి గదా! కాదనే మిత్రులు మా గదికి వచ్చి వాదించవచ్చు.

2005లో పదవీకాలం ముగిశాక ఆమెకు చాలా కాలం ఎన్నికయిన పదవి లేదు. పార్టీ తరఫున మాట్లాడే వారిగా మిగిలారు. మళ్ళీ 2023 మార్చి 23న ఎమ్మెల్యేల కోటా ఎమ్మెల్సీ ఎన్నికలో ఆమె పేరు అందరి నోటా పడింది. ఏడు స్థానాలకు ఎనిమిది మంది పోటీ. 2019లో తెలుగుదేశానికి వచ్చినవి 23 సీట్లు, అందులో నలుగురు అప్పటికే దూరమయ్యారు. లెక్క ప్రకారం ఆమె ఓడిపోవాలి. కానీ 23 ఓట్లు వచ్చి గెలిచారు. అధికార పార్టీ తన ఎమ్మెల్యేలు నలుగురిని సస్పెండ్ చేసింది. ఏ పార్టీ మంచిది అన్న చర్చ ఇక్కడ మాకు వద్దు. 26 ఏళ్ళకు మొదలైన మనిషి 49 ఏళ్ళ దాకా వేచి ఉండటం మాత్రం మమ్మల్ని ఆలోచింపజేసింది.

ఆమె రికార్డును తరువాత కేరళలో ఆర్యా రాజేంద్రన్ దాటేశారు. 2020 డిసెంబరులో తిరువనంతపురం మేయరు అయ్యేనాటికి ఆమెకు 21 ఏళ్ళు, ఇంకా డిగ్రీ విద్యార్థిని. తండ్రి ఎలక్ట్రీషియన్.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మేయరు నగర ప్రథమ పౌరుడు. కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత వహిస్తారు. బడ్జెట్టుకు, పన్నులకు, పెద్ద పనులకు ఆమోదం ఇచ్చేది కౌన్సిలే. కానీ ఆ పనులు చేయించే అధికారం, ఉద్యోగుల మీద అజమాయిషీ మున్సిపల్ కమిషనరుది. ఆయన ప్రభుత్వం పంపే అధికారి. కలెక్టరు జిల్లాకు, మేయరు నగరానికి. ఒకరి కింద ఒకరు కారు. ఇంకో మాట. నగరంలో ఉన్నవన్నీ కార్పొరేషన్‌వి కావు. పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌ను ముంచేసిన బుడమేరు జలవనరుల శాఖ కింద. నీళ్ళలో నిలబడిన వారికి ఇవేవీ పట్టవు, ముందు కనబడిన వారినే అడుగుతారు. అది వారి తప్పు కాదు.

అమెరికాలో అయితే న్యూయార్క్ మేయరుకు చాలా బలముంది. నగర పోలీసు అధిపతిని నియమించేది కూడా ఆయనే. అయితే అక్కడ అన్ని ఊళ్ళూ అలా లేవు. మన నెల్లూరులో పుట్టిన చివుకుల ఉపేంద్ర గారు మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్ళి, 1997లో న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌కు ఎన్నికై, 2000లో మేయరయ్యారు. బెజవాడకు అనురాధ గారు మేయరయిన సంవత్సరమే అది! అప్పట్లో సుమారు 50 వేల జనాభా ఉన్న ఆ ఊళ్ళో కూడా పరిపాలన నడిపేది మేనేజరు అనే ఉద్యోగే. ఉపేంద్ర గారు 2002 నుండి 2014 వరకు ఆ రాష్ట్ర శాసనసభలో ఉన్నారు.

ఎవరి పని ఏదో తెలియకపోతే ఏమవుతుందో మాకు అనుభవమే. 2019లో మేము వేరే పట్టణంలో ఇంటర్ చదువుతున్నాము. ఆ వానాకాలం హాస్టల్ వెనుక మురుగు కాలువ పొంగి గదుల్లోకి వచ్చింది. మా గదిలో ఇద్దరికి జ్వరాలు. ఛైర్మన్ గారి పేరున అర్జీ రాసి, నలభై మంది సంతకాలు పెట్టి ఆఫీసుకు తీసుకువెళ్ళాము. "ఛైర్మన్ ఎవరూ లేరు బాబూ, పదవీకాలం అయిపోయింది. స్పెషలాఫీసరు పేరున రాసుకురండి" అన్నారు. నిజమే, ఆ సంవత్సరం జూలై నుండి 2021 మార్చి ఎన్నికల దాకా మన పట్టణాల్లో ఎన్నికయిన పాలకవర్గాలు లేవు. తిరిగి రాసి, మళ్ళీ నలభై సంతకాలు చేయించే సరికి నాలుగు రోజులు పట్టింది. కాలువ బాగు చేయడానికి ఇంకో మూడు వారాలు.

అన్నట్టు, కార్పొరేటరుగా పోటీ చేయడానికి 21 ఏళ్ళు నిండితే చాలు. ఎమ్మెల్యేకు 25, ఎమ్మెల్సీకి 30 కావాలి. మాకు 23. మన హాస్టల్లో పి.జి. వాళ్ళందరికీ ఆ వయసు దాటింది. ఓటరు లిస్టులో పేరున్న వారు ఎంతమంది అని అడిగితే తొమ్మిది చేతులు లేచాయి.

ఇదంతా మొన్న అమ్మకు ఫోనులో చెప్పాము. ఓపిగ్గా విని, "అదంతా సరేగానీ నాయనా, పంపు రాకపోతే ఎవరికి చెప్పాలి?" అంది. మన ఊళ్ళో అయితే పంచాయతీ సెక్రటరీకి రాయమ్మా, ఇక్కడైతే కమిషనరు పేరున రాసి, ఒక నకలు మన డివిజన్ కార్పొరేటరుకు ఇచ్చి, రశీదు అడిగి తీసుకోవాలి అన్నాము. "ఆ రశీదు మాట ముందే చెప్పొచ్చుగా" అంది.