ఎత్తడానికి మూడు నిమిషాలు, దించడానికి క్షణం

కోట గుమ్మం బలం గురించి చెప్పేటప్పుడు అందరూ మందాన్నే లెక్కపెడతారు: ఎంత లావు చెక్క, ఎన్ని ఇనుప రేకులు అని. మధ్యయుగపు ఐరోపా ద్వారాలను యంత్రాలుగా పరిశీలిస్తే నాకు కనిపించే గొప్పతనం వేరు. అవి నిదానంగా తెరుచుకుని, తటాలున మూసుకుంటాయి. కోట గుమ్మం గుండా రోజూ ధాన్యం బళ్లు, గుర్రాలు, మనుషులు రావాలి, పోవాలి. ఎప్పుడూ మూసే ఉంచితే లోపలివాళ్లు పస్తులుండాలి. అందుకని కట్టేవాళ్లకు ఎదురైన చిక్కు ఒకటే: తెరిచి ఉన్న దారిని, శత్రువు పరుగున చేరుకునేలోగా మూసెయ్యడం ఎలా?

వేల్స్‌లో వై నది ఒడ్డున చెప్‌స్టో కోట ఉంది. దాని పాత తలుపులు 13వ శతాబ్దానివని చాలాకాలం అనుకున్నారు. చెక్కలోని వార్షిక వలయాలను పరీక్షిస్తే అవి 1190ల తర్వాతివి కావని తేలింది. అప్పటికి కోట విలియం మార్షల్ అనే ప్రభువు చేతిలో ఉంది. 1962 దాకా ఆ తలుపులు గుమ్మానికే ఉన్నాయి. బయటివైపు ఇనుప రేకులు తాపారు, నిప్పుకీ గొడ్డలికీ చెక్క దొరక్కుండా. వెనుక అడ్డం నిలువు పట్టీలను బెజ్జాల్లో కుసులు దిగేసి చట్రంలా బిగించారు. ఎనిమిది శతాబ్దాలు నిలిచిన ఆ వడ్రంగం నిజంగా చేతులెత్తి మొక్కదగ్గది. అయినా దానికో లోపం ఉంది. రెక్కలను మనుషులే తోసి, వెనక అడ్డగడియ జరపాలి. దారిలో బండి ఉన్నా, గుంపు తోసుకొస్తున్నా అది కుదిరే పని కాదు.

ఆ లోపాన్ని తీర్చింది పోర్ట్‌కల్లిస్. గోడల్లో తొలిచిన గాళ్ల వెంట పైకీ కిందికీ జరిగే బరువైన జాలి తలుపు అది. దాన్ని పైకి లాగే యంత్రం లండన్ టవర్‌లోని బైవర్డ్ టవర్‌లో నేటికీ ఉంది. ఒక లెక్క వేద్దాం. టన్ను బరువున్న జాలిని 3 మీటర్లు ఎత్తాలంటే సుమారు 29,400 జౌళ్ల శక్తి కావాలి. ఇద్దరు మనుషులు తలా 75 వాట్ల చొప్పున శ్రమిస్తే దానికి మూడు నిమిషాలకు పైగా పడుతుంది. అదే జాలిని వదిలేస్తే, గాళ్లలో రాపిడి లేదనుకుంటే, 0.8 సెకనులో నేలను తాకుతుంది. రాపిడి వల్ల కాస్త ఆలస్యమైనా తేడా అపారమే. మూడు నిమిషాల చెమట ఎత్తులో దాచిపెట్టి ఉంటుంది, ఆపద వేళ దాన్ని విడుదల చెయ్యడమే మిగిలిన పని. తూకపు బరువుతో తిరిగే వంతెనల్లోనూ ఇదే సూత్రం. 1283లో మొదలైన కెర్నార్వన్ కోటలో రాజద్వారానికి ఐదు తలుపులు, ఆరు జాలి తలుపులు ఉండాలని తలపెట్టారు, కానీ ఆ కట్టడం పూర్తికాలేదు.

మరి దారి పైకప్పులోని రంధ్రాల మాటేమిటి, సలసల కాగే నూనె పోసి శత్రువును చంపడమే గుమ్మం పని కదా అని అడగవచ్చు. నూనె ఖరీదైన సరుకు, కడవలకొద్దీ పారబోసేది కాదు. చెక్క తలుపుకు పెద్ద శత్రువు నిప్పు కనుక, ఆ రంధ్రాలు నీళ్లు పోయడానికీ అంతే పనికొస్తాయి. ఇంతకంటే గట్టి ఆక్షేపణ 1313 నాటిది. స్కాట్లండ్‌లోని లిన్‌లిత్‌గోలో విలియం బన్నక్ అనే రైతు గడ్డిబండిని సరిగ్గా ద్వారం మధ్యలో ఆపాడనీ, జాలి కిందికి దిగలేకపోయిందనీ, గడ్డిలో దాగిన మనుషులు కోటను పట్టుకున్నారనీ కవి జాన్ బార్బర్ రాశాడు. యంత్రం వేగాన్ని ఒక బండి ఓడించింది. ఆ వేగం మీదే అంతా ఆధారపడిందనడానికి నాకిదే సాక్ష్యం. ఒకదాని వెనక ఒకటిగా జాలి తలుపులు పెట్టడంలోని తెలివి కూడా ఇక్కడే తెలుస్తుంది: ఒక బండి అన్నింటినీ ఆపలేదు.

లోపలివాడే తలుపు తీస్తే? 1687లో గోల్కొండ నెలల తరబడి ఔరంగజేబు సైన్యాన్ని నిలువరించింది. చివరికి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లంచానికి లొంగి రాత్రివేళ ద్వారం తెరిచాడు. ఏ జాలీ దీనికి మందు కాదంటే చాలావరకు ఒప్పుకుంటాను. కానీ ఈ భయం గుమ్మం కట్టేవాళ్లకు తెలియనిది కాదు. 1268లో మొదలైన కేర్‌ఫిల్లీ కోట లోపలి తూర్పు ద్వారాన్ని చూడండి. దారికి బయటివైపే కాక, కోట ముంగిటివైపు కూడా తలుపులూ జాలీ అమర్చారు. బయటి శత్రువు మీదా, కోటలోని మనుషుల మీదా దాన్ని విడిగా మూసుకోవచ్చు.