వేడెక్కుతున్న భూమి... చోటు మారుతున్న సీతాకోకచిలుకలు

సీతాకోకచిలుకకు రెక్కలున్నాయి కాబట్టి, ఉన్నచోట వేడి పెరిగితే మరోచోటికి ఎగిరిపోతుందని అనుకుంటాం. కొంతవరకు అది నిజమే. గత శతాబ్దంలో ఎన్నో జాతులు ధ్రువాల వైపు, కొండల పైకి జరిగాయి. అయితే ఒక జాతి ఎక్కడ స్థిరపడగలదో తేల్చేది రెక్కలు మాత్రమే కాదు, దాని గొంగళిపురుగులు తినే మొక్క కూడా. ఆ మొక్క ఎగరలేదు. వాతావరణ మార్పుల వల్ల సీతాకోకచిలుకలకు ఎదురవుతున్న అసలు చిక్కు ఇదే.

వేడీ కావాలి, మొక్కా కావాలి

సీతాకోకచిలుకలు తమ శరీర ఉష్ణోగ్రతను మనలాగా లోపలి నుంచి నిలుపుకోలేవు. అందుకే ఉదయం పూట రెక్కలు చాపి ఎండ కాచుకుంటాయి. ఒళ్లు సుమారు 30 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కాకే చాలా జాతులు చురుగ్గా ఎగురుతాయి. ఎండ మరీ ముదిరితే నీడకు చేరతాయి. గుడ్డు పగలడం, గొంగళిపురుగు ఎదగడం, ప్యూపా నుంచి సీతాకోకచిలుక బయటికి రావడం కూడా ఉష్ణోగ్రతపైనే ఆధారపడి ఉంటాయి.

ఇక తిండి సంగతి. ఎదిగిన సీతాకోకచిలుక రకరకాల పూల మకరందం తాగుతుంది. గొంగళిపురుగు అలా కాదు. చాలా జాతుల్లో అది కొన్ని మొక్కల ఆకులనే తింటుంది. లైమ్ బటర్‌ఫ్లై పిల్లలకు నిమ్మ, కరివేపాకు వంటి మొక్కలు కావాలి. ప్లెయిన్ టైగర్ పిల్లలకు జిల్లేడు, ఆ కుటుంబపు మొక్కలు కావాలి. తల్లి ఆకుపై వాలి, కాళ్లతోనే రుచి చూసి, సరైన మొక్క అని తేలాకే గుడ్డు పెడుతుంది.

మెక్సికో నుంచి కెనడా దాకా

ఈ చిక్కును స్పష్టంగా చూపించిన తొలి అధ్యయనాల్లో ఒకటి ఉత్తర అమెరికా పశ్చిమ తీర ప్రాంతంలో జరిగింది. అక్కడ మెక్సికో నుంచి కెనడా వరకు ఎడిత్స్ చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక ఉంటుంది. పాత రికార్డుల్లో అది ఉన్నట్లు నమోదైన 151 చోట్లకు సంబంధించిన వివరాలను జీవశాస్త్రవేత్త కామిల్ పార్మెసాన్ పరిశీలించి, 1996లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. పరిసరాలు చెడిపోని చోట్లను మాత్రమే లెక్కలోకి తీసుకున్నా, కెనడాతో పోలిస్తే మెక్సికో వైపు ఈ జాతి కనుమరుగైన చోట్ల నిష్పత్తి నాలుగు రెట్లు ఎక్కువగా తేలింది. ఎత్తైన కొండల్లోని సమూహాలు మాత్రం చాలావరకు నిలిచాయి.

దీనికి కారణం ఎండ దెబ్బ ఒక్కటే కాదు. వేడి, పొడి సంవత్సరాల్లో ఆహారపు మొక్కలు ముందుగానే ఎండిపోతాయి. అప్పటికి గొంగళిపురుగులు వేసవి నిద్రకు సరిపడా ఎదగవు. ఆకులు లేక ఆకలితో చనిపోతాయి.

యూరప్‌లోనూ ఇదే ధోరణి కనిపించింది. వలస వెళ్లని 35 జాతులను పరిశీలిస్తే, 20వ శతాబ్దంలో వాటిలో 63 శాతం జాతుల ఆవాసాలు 35 నుంచి 240 కిలోమీటర్ల మేర ఉత్తరానికి జరిగినట్లు 1999లో వెల్లడైంది. దక్షిణానికి జరిగినవి 3 శాతమే.

వెనకబడుతున్న ప్రయాణం

జరగడం ఒక ఎత్తు, తగిన వేగంతో జరగడం మరో ఎత్తు. 1990 నుంచి 2008 వరకు యూరప్‌లో ఉష్ణోగ్రతల్లో వచ్చిన మార్పు 249 కిలోమీటర్లు ఉత్తరానికి జరగడంతో సమానమని 2012లో ప్రచురితమైన అధ్యయనం లెక్కగట్టింది. అదే కాలంలో సీతాకోకచిలుకల సమూహాల కూర్పు జరిగింది 114 కిలోమీటర్లే. అంటే 135 కిలోమీటర్ల లోటు.

ఈ లోటును కొన్ని జాతులు తిండి మార్చుకుని పూడ్చుకుంటున్నాయి. బ్రిటన్‌లోని బ్రౌన్ ఆర్గస్ ఒకప్పుడు ఎక్కువగా సున్నపురాతి నేలల్లో పెరిగే రాక్‌రోజ్ మొక్కపై గుడ్లు పెట్టేది. వేసవులు వెచ్చబడ్డాక, అంతటా దొరికే జెరేనియం కుటుంబపు మొక్కలను ఎక్కువగా వాడుకోవడం మొదలుపెట్టింది. దాంతో 20 ఏళ్లలో సుమారు 79 కిలోమీటర్లు ఉత్తరానికి విస్తరించింది. ఒకే మొక్కను నమ్ముకున్న జాతులకు ఈ వెసులుబాటు లేదు.

మన దగ్గర పరిస్థితి

భారతదేశంలో 1,300కు పైగా సీతాకోకచిలుక జాతులున్నాయి. హిమాలయాల ఎత్తుల్లో ఉండే అపోలో జాతుల పిల్లలు చల్లని రాతి నేలల్లో పెరిగే సెడమ్, కోరిడాలిస్ వంటి మొక్కలను తింటాయి. వేడి పెరిగితే ఇవి పైకి జరగాలి. కొండ పైకి వెళ్లేకొద్దీ నేల తగ్గుతుంది. శిఖరం దాటాక వెళ్లడానికి చోటే ఉండదు.

మైదానాల్లో చిక్కు మరో రకం. దక్కన్ నుంచి ఉత్తరానికి వెళ్తే చల్లదనం దొరకదు. వేసవిలో మధ్య భారతం ఇంకా వేడిగా ఉంటుంది. అక్కడి జీవులకు మిగిలే ఆసరా దగ్గర్లోని కొండలు, వాగుల ఒడ్డున ఉండే చెట్ల నీడ. ఆ పచ్చదనం ముక్కలైపోతే ఆ దారీ మూసుకుపోతుంది.

వర్షాలూ ముఖ్యమే. బ్లూ టైగర్, కామన్ క్రో వంటివి రుతుపవనాలను అనుసరించి పశ్చిమ కనుమలకు, తూర్పు మైదానాలకు మధ్య గుంపులుగా వలస వెళ్తాయి. వానలు గతి తప్పితే, అవి చేరే సమయానికి పిల్లలకు లేత ఆకులు ఉంటాయన్న భరోసా ఉండదు.

నమోదు చేస్తేనే తెలిసేది

ఏ జాతి ఎక్కడికి జరిగిందో తెలియాలంటే అది నిన్న ఎక్కడ ఉండేదో తెలియాలి. బ్రిటన్‌లో 1976 నుంచి ఒకే పద్ధతిలో ఏటా సీతాకోకచిలుకలను లెక్కిస్తున్నారు. మన దేశంలో ఇప్పుడు 'బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా' వెబ్‌సైట్, 2020 నుంచి సెప్టెంబరులో జరిగే 'బిగ్ బటర్‌ఫ్లై మంత్' ద్వారా సాధారణ పౌరులు కూడా సమాచారం అందిస్తున్నారు. ఫొటోతో పాటు తేదీ, స్థలం, వీలైతే గుడ్డు పెట్టిన మొక్క పేరు రాస్తే ఆ రికార్డు శాస్త్రవేత్తలకు పనికొస్తుంది.

పెరట్లో, బడి ఆవరణలో చేయగలిగిన పనీ ఉంది. పూల మొక్కలతో పాటు గొంగళిపురుగులు తినే స్థానిక మొక్కలకూ చోటివ్వాలి. కరివేపాకు మీద నాలుగు పురుగులు కనిపించగానే మందు కొట్టకుండా వదిలేయాలి. రోడ్డు పక్క జిల్లేడు పొదలను అనవసరంగా నరకకూడదు. ఇలాంటి మొక్కలు దగ్గర దగ్గరగా ఉంటే, చోటు మారక తప్పని సీతాకోకచిలుకలకు దారిలో గుడ్డు పెట్టేందుకు ఆకు దొరుకుతుంది.