అండమాన్‌లో నెల రోజులు: బయల్దేరే ముందే తేల్చుకోవలసినవి

అండమాన్ నికోబార్ దీవులు బంగాళాఖాతంలో ఉత్తరం నుంచి దక్షిణానికి ఏడు వందల కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉన్నాయి. చిన్నా పెద్దా దీవులు, రాతి తిన్నెలు అన్నీ కలిపి 836 అని ప్రభుత్వ లెక్క. జనం ఉండేది వాటిలో 31 దీవుల్లోనే. నాలుగైదు రోజుల టూరుకైతే ఏజెంటు చేతిలో పెట్టే ప్యాకేజీ సరిపోతుంది. నెల, రెండు నెలలు ఉండదలచినవారికి లెక్క మారిపోతుంది. ఎక్కడికి వెళ్లాలన్నది కోరికను బట్టి తేలదు. చేతిలో ఉన్న పాస్‌పోర్టు ఏ దేశానిది, ఆ నెలలో సముద్రం ఎలా ఉంటుంది, ఓడ ఆగిపోతే చేతిలో ఎన్ని రోజులు మిగులుతాయి అన్నవే దాన్ని తేలుస్తాయి.

ఈ మధ్య ఇలాంటి సుదీర్ఘ ప్రయాణాలు తెలుగు కుటుంబాల్లోనూ మొదలయ్యాయి. ఉద్యోగ విరమణ చేసిన తల్లిదండ్రులు, అమెరికా పౌరసత్వం తీసుకున్న కొడుకూ కోడలూ, అక్కడే పుట్టిన పిల్లలు అంతా కలిసి బయల్దేరతారు. ఒకే ఇంటివారైనా అందరికీ ఒకే నిబంధన వర్తించదు. అందుకే మొదటి పని కాగితాలు.

ఎవరికి ఏ అనుమతి

భారతీయ పౌరులకు పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, దిగ్లీపూర్ వంటి చోట్లకు వెళ్లడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉంటే చాలు. అయితే ఓడ టికెట్టుకూ, ఫెర్రీ టికెట్టుకూ, చెక్‌పోస్టు దగ్గరా, హోటల్లోనూ దాన్ని అడుగుతూనే ఉంటారు. అసలు కార్డుతో పాటు అరడజను జిరాక్సు కాపీలు దగ్గర ఉంచుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారి సంగతి వేరు. ఒకప్పుడు వారంతా దీవుల్లో అడుగు పెట్టగానే నియంత్రిత ప్రాంత అనుమతి పత్రం తీసుకోవలసి వచ్చేది. దాని గడువు 30 రోజులు, పొడిగిస్తే ఇంకో 15 రోజులు. 2018లో కేంద్ర హోంశాఖ జనావాసమున్న ముప్ఫై దీవులను ఈ నిబంధన నుంచి మినహాయించింది. పాకిస్తాన్, చైనా, అఫ్గానిస్తాన్ పౌరులకు, ఆ దేశాల మూలాలున్నవారికి మాత్రం మినహాయింపు లేదు. ఇది గడువు పెట్టి ఇచ్చిన మినహాయింపు కాబట్టి, విమానం టికెట్టు కొనే రోజున ఏది అమల్లో ఉందో హోంశాఖ, ద్వీపాల పాలనాయంత్రాంగం వెబ్‌సైట్లలో సరిచూసుకోవడం తప్పనిసరి. మినహాయింపు ఉన్నా, వచ్చిన 24 గంటల్లో విదేశీయుల నమోదు అధికారి దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఓసీఐ కార్డు ఉన్నంత మాత్రాన నియంత్రిత ప్రాంతాలన్నీ తెరుచుకోవు. 2021 మార్చిలో వచ్చిన కేంద్ర ప్రకటన ప్రకారం అలాంటి చోట్లకు వారూ ప్రత్యేక అనుమతి తీసుకోవాలి.

విదేశీ అతిథికి బస ఇచ్చే హోటలైనా, హోమ్‌స్టే అయినా వారి వివరాలను నిర్ణీత ఫారంలో నమోదు చేయాలి. నెల రోజులకు గది మాట్లాడుకునేటప్పుడు ఈ ఫారం నింపుతారా అని ముందే అడిగి తెలుసుకోవాలి. నింపని చోట దిగితే తర్వాత ఇబ్బంది పడేది అతిథే.

నికోబార్ మాటకొస్తే, అక్కడి గిరిజన రిజర్వు ప్రాంతాలకు ద్వీపేతర భారతీయులకైనా ట్రైబల్ పాస్ ఉండాలి. కేవలం చూసి రావడానికి దాన్ని ఇవ్వరు. ఉత్తర సెంటినెల్ దీవి దరిదాపులకు కూడా ఎవరూ పోకూడదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం దీన్ని గట్టిగా నిషేధిస్తోంది. 2018 నవంబరులో ఒక అమెరికా యువకుడు మత్స్యకారుల పడవలో దొంగతనంగా అక్కడికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు, తీసుకెళ్లినవారు అరెస్టయ్యారు. బయటి మనిషి వెంట వెళ్లే మామూలు జలుబు కూడా ఆ దీవిలో ఉండే తెగను తుడిచిపెట్టగలదు. నిషేధానికి అసలు కారణాల్లో అదొకటి.

ఏ నెలలో

అండమాన్‌ను రెండు రుతుపవనాలూ తడుపుతాయి. నైరుతి మే నడిమికే వచ్చేస్తుంది, అంటే కేరళ కంటే ముందు. అది వెనుదిరిగేలోపే ఈశాన్యం మొదలవుతుంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. ఎక్కువ రోజులు ఉండేవారికి జనవరి మొదలు ఏప్రిల్ దాకా అనుకూలం. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి. డిసెంబరు ఆఖరు వారంలో గదుల ధరలు మండిపోతాయి. వేసవి ముదిరేకొద్దీ పోర్ట్ బ్లెయిర్‌లో మంచినీళ్లకు కటకట మొదలవుతుంది. ఊరికి నీళ్లిచ్చేది ధనికారి జలాశయం, దాన్ని నింపేది వానే. ఏప్రిల్‌లో ఇల్లు అద్దెకు తీసుకునేవారు అద్దె కంటే ముందు నీటి ట్యాంకు గురించి అడగాలి.

దీవులు తూర్పున ఉన్నా గడియారం మాత్రం దేశమంతటిదే. మే నెలలో ఐదు కొట్టకముందే తెల్లవారుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదుకే పొద్దు గూకుతుంది. ఊళ్లు తిరగడం, బీచీలు చూడటం, పడవ ప్రయాణాలు అన్నీ తెల్లవారుజామునే మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికల్లా ముగించుకునేలా చూసుకోవాలి.

చేరడం ఎలా

చెన్నై, కోల్‌కతాల నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. హైదరాబాదు నుంచి కూడా నేరుగా విమానాలున్నాయి. 2023 జులైలో వీర్ సావర్కర్ విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ మొదలైంది. 2024 నవంబరులో కౌలాలంపూర్ నుంచి తొలి అంతర్జాతీయ విమానం దిగింది. విదేశీ సర్వీసులు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆపేస్తారో చెప్పలేం కాబట్టి, విదేశాల నుంచి వచ్చేవారు చెన్నై మీదుగా దారి వేసుకోవడం మేలు. అక్కడ ఒక రాత్రి ఆగేలా టికెట్టు కొంటే ఆలస్యాల బెడద ఉండదు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. టికెట్ల మీద పాత పేరైనా కొత్త పేరైనా కనిపించవచ్చు, ఊరు ఒకటే. 2018 డిసెంబరులో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది.

సామాను ఎక్కువ, తొందర తక్కువ ఉన్నవారికి ఓడ ఉంది. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్ సముద్ర మార్గంలో 1,200 కిలోమీటర్లు. రెండు రాత్రుల పైన పడుతుంది. చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలు నెలకు మూడు నాలుగు సార్లు కదులుతాయి. విశాఖ నుంచి మాత్రం నెలకొకటి అనుకోవాలి. బంక్ క్లాసులో పెద్ద హాలు నిండా అంతస్తుల పడకలు, అందరికీ కలిపి స్నానాల గదులు ఉంటాయి. పై తరగతుల్లో ఇద్దరికో నలుగురికో ఒక క్యాబిన్. ఓడలో డాక్టరు ఉంటారు, క్యాంటీనూ ఉంటుంది. సముద్రం పడనివారు వాంతుల మాత్రలు ఓడ కదలకముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే నిలవవు. ఓడ తేదీలు చివరి నిమిషంలో మారడం మామూలే. అందుకే ఓడ దిగే రోజునే ఇంకో ప్రయాణానికి టికెట్టు కొనకూడదు.

దీవి నుంచి దీవికి

పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర, ప్రభుత్వ ఫెర్రీలో రెండున్నర గంటలు. ప్రైవేటు టికెట్లు ఇంట్లో కూర్చుని కొనుక్కోవచ్చు. ప్రభుత్వ పడవలు ముందుగా ద్వీపవాసుల కోసం. వారి టికెట్టు చవక, ముందు వరసా వారిదే. లాంగ్ ఐలాండ్, లిటిల్ అండమాన్ వంటి దూరపు దీవులకు మాత్రం ప్రభుత్వ పడవలే దిక్కు. లిటిల్ అండమాన్‌లోని హట్ బే చేరడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. వారంలో అన్ని రోజులూ పడవ ఉంటుందని చెప్పలేం. హెలికాప్టర్లు ఉన్నా రోగులకూ, ద్వీపవాసులకూ ముందు వరస.

ఉత్తరానికి రోడ్డు మార్గం అండమాన్ ట్రంక్ రోడ్. పోర్ట్ బ్లెయిర్ నుంచి దిగ్లీపూర్ దాకా మూడు వందల కిలోమీటర్ల పైన ఉంటుంది. బస్సులో పగలంతా గడుస్తుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర చీకటి ఉండగానే కార్లు, బస్సులు, లారీలు బారులు తీరతాయి. డ్రైవరు ప్రయాణికుల పేర్లు, గుర్తింపు వివరాలు ఫారంలో రాసి ఇస్తాడు. టీ కొట్ల దగ్గర జనం గ్లాసులు చేతపట్టుకుని గేటు వైపే చూస్తుంటారు. ఆరింటికి గేటు ఎత్తగానే వాహనాలన్నీ పోలీసు కాపలాతో ఒకే వరసలో జరవా తెగ ఉండే రిజర్వు అడవిలోకి వెళ్తాయి. దారిలో ఆగకూడదు, ముందు బండిని దాటకూడదు, ఫొటో తీయకూడదు, జరవాలు కనిపిస్తే తినడానికి ఏమీ ఇవ్వకూడదు. మీరితే జైలు శిక్ష పడుతుంది. అడవి దాటాక మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సులను కూడా పంటు మీదికి ఎక్కించి అవతలికి దాటిస్తారు. కాన్వాయ్‌లు రోజుకు కొన్నే. మధ్యాహ్నం ఆఖరిది తప్పితే ఆ రాత్రి అవతలి ఒడ్డున ఉన్న బారాటాంగ్‌లోనే. అక్కడి సున్నపురాయి గుహలు చూసి అదే రోజు వెనక్కి రావాలనుకునేవారు వాచీ మీద కన్నేసి ఉంచాలి.

ఇక అసలు జాగ్రత్త ఖాళీ రోజులు. 2016 డిసెంబరు మొదటి వారంలో తుపాను గాలులకు ఫెర్రీలు ఆగిపోయి హావ్‌లాక్, నీల్ దీవుల్లో వందలాది పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. చివరికి నౌకాదళం, తీర రక్షక దళం వచ్చి తరలించాయి. తుపానే రానక్కర్లేదు, అలలు కాస్త పెరిగినా పడవ రద్దవుతుంది. తిరుగు విమానానికి కనీసం రెండు రోజుల ముందే పోర్ట్ బ్లెయిర్ చేరుకోవాలి. లిటిల్ అండమాన్ నుంచి వచ్చేవారికి నాలుగు రోజుల ఎడం ఉండాలి. నెల ప్రణాళికలో వారానికొక రోజు ఏ కార్యక్రమమూ లేకుండా వదిలిపెడితే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. స్కూబా డైవింగ్ చేసినవారు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు విమానం ఎక్కకూడదు. ఆ లెక్కకూ ఈ ఎడం పనికొస్తుంది.

డబ్బు, ఫోను, ఇల్లు

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,300 కిలోమీటర్ల కేబుల్ మొదలయ్యాక పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ బాగుపడింది. అంతకుముందు అంతా ఉపగ్రహమే ఆధారం. ల్యాప్‌టాప్‌తో పని చేసుకునేవారికి ఇప్పుడు పోర్ట్ బ్లెయిరే నమ్మదగిన మకాం. అడవి దారిలో, చిన్న దీవుల్లో సిగ్నల్ పోతుంది. బీఎస్ఎన్ఎల్ సిమ్ ఒకటి అదనంగా ఉంచుకోవడం మంచిది. విదేశీయులు ఉపగ్రహ ఫోను వెంట తేకూడదు, ముందస్తు అనుమతి లేకుండా దొరికితే కేసు పెడతారు.

ఏటీఎంలు పోర్ట్ బ్లెయిర్‌లో బాగానే ఉన్నాయి, హావ్‌లాక్‌లో కొన్ని, మిగతా చోట్ల అరకొర. సిగ్నల్ లేని చోట యూపీఐ పని చేయదు. పది రోజుల ఖర్చుకు సరిపడా నగదు దగ్గర ఉండాలి. బియ్యం, ఉప్పు, పప్పుల నుంచి సిమెంటు దాకా చాలావరకు ఓడల్లో రావలసిందే, కాబట్టి ధరలు ప్రధాన భూభాగం కంటే ఎక్కువ. చేపలు మాత్రం తాజాగా దొరుకుతాయి.

భాష కొత్తగా ఉంటుందని తెలుగువారు బెంగపడనక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనం 3,80,581 మంది. వారిలో నూటికి పదమూడుగురు తెలుగు మాతృభాషగా చెప్పుకున్నారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ వైపు ఎప్పటి నుంచో ఉన్నాయి. అందరినీ కలిపే వాడుక భాష హిందీ. అద్దె ఇళ్ల గురించి, పడవల రాకపోకల గురించి చేపల బజారులో ఒక గంట నిలబడితే వెబ్‌సైట్లో దొరకని వివరాలు తెలుస్తాయి.

ఆరోగ్యం, నియమాలు

పెద్ద ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆసుపత్రి. దూరపు దీవుల్లో ప్రాథమిక వైద్యమే. రోజూ మందులు వేసుకునేవారు అనుకున్న రోజులకు మరో రెండు వారాలకు సరిపడా ఎక్కువ తెచ్చుకోవాలి, చీటీతో సహా. బీమా తీసుకునేటప్పుడు డైవింగ్, విమానంలో తరలించే ఖర్చు కలిసి ఉన్నాయో లేదో చదవాలి. దోమల వల్ల మలేరియా, డెంగీ భయం ఉంది. వానాకాలంలో లెప్టోస్పైరోసిస్ ఈ దీవుల్లో పాత సమస్య. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకుతుంది. కాలికి గాయం ఉంటే బురద నీళ్లలో నడవకూడదు. బీచీల్లో సాయంత్రం కుట్టే సన్నని ఇసుక ఈగలు రోజుల తరబడి దురద పెడతాయి. ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల్లోనే ఉంటాయనుకోవడం పొరపాటు. 2010లో హావ్‌లాక్ రాధానగర్ బీచ్ దగ్గర ఒక విదేశీ యువతిని మొసలి బలిగొంది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట నీళ్లలో దిగకూడదు.

ఒడ్డున ఏరుకున్న పగడపు ముక్క, గవ్వ పెట్టెలో వేసుకుంటే విమానాశ్రయంలో ఆపుతారు. వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. గవ్వలు కావాలంటే ప్రభుత్వ దుకాణం సాగరికలో కొని, బిల్లు దగ్గర ఉంచుకోవాలి. వండూరు దగ్గరి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలోని జాలీ బాయ్ దీవికి ప్లాస్టిక్ సీసా కూడా తీసుకుపోనివ్వరు. జనం లేని దీవుల్లో అనుమతి లేకుండా రాత్రి బస నిషిద్ధం.

ఒక నెల నమూనా

మొదటి నాలుగు రోజులు పోర్ట్ బ్లెయిర్‌లో నమోదు, సిమ్, టికెట్ల పనులు, ఊరు చూడటం. తర్వాత వారం హావ్‌లాక్, నీల్. మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రోజుల విశ్రాంతి. ఆపై ట్రంక్ రోడ్ మీదుగా బారాటాంగ్, రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్‌లకు పది రోజులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాలీపూర్ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, 732 మీటర్ల సాడిల్ పీక్ కూడా అక్కడే. మిగిలిన వారంలో సముద్రం అనుకూలిస్తే లిటిల్ అండమాన్‌కు మూడు రోజుల ప్రయాణం, అనుకూలించకపోతే పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల. ఆ మూడు రోజులు పోయినా చివరి నాలుగు రోజులు ఖాళీగానే ఉంచాలి. రెండో నెల ఉండేవారు ఇదే వరసను నెమ్మదిగా సాగదీసుకోవచ్చు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు వీసా గడువు పూర్తయ్యే తేదీకి వారం ముందే తిరుగు టికెట్టు కొని ఉంచుకోవాలి. పడవ రద్దయిందన్న మాట వీసా గడువును పొడిగించదు.