టంచనుగా కట్టినా కత్తెరే!

మీకు తెలుసా? 2008 ఫిబ్రవరి మొదట్లో బ్రిటన్‌లోని ఎగ్ అనే ఆన్‌లైన్ బ్యాంకు ఒక్క దెబ్బకు 1,61,000 మంది క్రెడిట్ కార్డులను రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. దాని కార్డుదారుల్లో వీళ్లు 7 శాతం. 35 రోజుల తర్వాత మీ కార్డు పనిచేయదంటూ ఇంటింటికీ ఉత్తరాలు వెళ్లాయి. మీరు చేరిన నాటికంటే ఇప్పుడు మీతో రిస్కు పెరిగిందన్నది బ్యాంకు చెప్పిన కారణం. ఉత్తరం అందుకున్నవాళ్లలో చాలామంది భగ్గుమన్నారు. నెలనెలా బిల్లు మొత్తం కట్టేస్తున్నాం, ఒక్క రోజు ఆలస్యం చేసింది లేదు, మాలో రిస్కేం కనబడిందని పత్రికల్లో నిలదీశారు. అంతకు ముందు ఏడాదే ఎగ్‌ను సిటీగ్రూప్ కొనుక్కుంది. కొత్త యజమాని పాత పద్దులు తిరగేసి, లాభం తేనివాళ్లను వదిలించుకుంటున్నాడని విమర్శలు వచ్చాయి. బ్యాంకు మాత్రం అది లాభం లెక్క కాదు, రిస్కు లెక్కేనని వాదించింది.

ఆ అనుమానం ఊరికే రాలేదు. కార్డు వ్యాపారంలో ఖాతాదారులు రెండు రకాలు. గడువులోగా బిల్లంతా కట్టేసేవాళ్లు ట్రాన్సాక్టర్లు, కనీస మొత్తం కట్టి మిగతాది వడ్డీతో మోసుకెళ్లేవాళ్లు రివాల్వర్లు. మొదటి రకం నుంచి బ్యాంకుకు వడ్డీ పైసా రాదు. దుకాణదారు కట్టే రుసుములో వాటా, కార్డుకు ఉంటే వార్షిక ఫీజు, అంతే. అందులోంచే రివార్డు పాయింట్లు, ఎయిర్‌పోర్టు లాంజ్ ఖర్చు భరించాలి. అయితే లిమిట్లు కోసేది లాభం రాదన్న కోపంతోనే అనుకుంటే పొరపాటు. అసలు భయం వాడిన అప్పు గురించి కాదు, వాడని లిమిట్ గురించి.

మీ కార్డు లిమిట్ 5 లక్షలు, మీరు వాడేది నెలకు 40 వేలనుకుందాం. మిగతా 4 లక్షల 60 వేలు మీకు అక్కరకు వచ్చే ధీమా. బ్యాంకుకు మాత్రం ఎప్పుడైనా పేలే టపాకాయ. ఉద్యోగం పోయిన మనిషి ముందుగా చేసే పని ఖాళీగా ఉన్న ఆ లిమిట్‌ను వాడేసుకోవడమే. అందుకే ఎప్పుడు కావాలంటే అప్పుడు రద్దు చేసుకోగల వాడని లిమిట్లలో కూడా 10 శాతాన్ని అప్పుగా లెక్కగట్టి మూలధనం కేటాయించాలని బ్యాంకులకు 2017లో ఖరారైన అంతర్జాతీయ బాసెల్ ప్రమాణాలు చెబుతున్నాయి. మన ఆర్‌బీఐ 2023 నవంబరులో బ్యాంకుల కార్డు బకాయిల రిస్క్ వెయిట్‌ను 125 నుంచి 150 శాతానికి పెంచింది. అలా పెంచినప్పుడల్లా అదే అప్పుకు బ్యాంకు ఎక్కువ సొమ్ము పక్కన పెట్టుకోవాలి. కోత ఎక్కడ పెట్టాలా అని పద్దులు వెతకడం అక్కడ మొదలవుతుంది.

ఇక అమెరికా సంగతి. 2008 మాంద్యంలో అట్లాంటాకు చెందిన ఒక యువ వ్యాపారి కొత్త పెళ్లికొడుకుగా హనీమూన్ నుంచి తిరిగొచ్చేసరికి అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లేఖ ఎదురుచూస్తోంది. 10,800 డాలర్ల లిమిట్ 3,800కు దిగింది. బకాయి ఎగ్గొట్టాడా? లేదు. మీరు ఈమధ్య కొనుగోళ్లు చేసిన దుకాణాల్లో కార్డు గీకిన ఇతరులు మాకు అప్పు సరిగా తీర్చడం లేదన్నది ఆ లేఖ సారాంశం. పక్కవాడి బకాయికి మన కార్డుకు శిక్ష! గొడవ టీవీకెక్కాక కంపెనీ ఆ పద్ధతి మానేశామంది.

అదే ఏడాది, అదే ఊరికి చెందిన కంప్యూక్రెడిట్ అనే కంపెనీ మీద అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ కోర్టుకెక్కింది. ఫిర్యాదులోని ఒక అంశం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. టైర్లకు రీట్రెడింగ్ చేయించుకున్నా, తాకట్టు కొట్టుకు వెళ్లినా, బార్‌లో, బిలియర్డ్స్ హాల్లో కార్డు వాడినా, ఆఖరికి భార్యాభర్తల కౌన్సెలింగ్‌కు ఫీజు కట్టినా లిమిట్ తగ్గించే రహస్య స్కోరింగ్ ఆ కంపెనీ నడిపిందట. కాపురం నిలబెట్టుకుందామని వెళ్తే కార్డు కూలిందన్నమాట. 2008 డిసెంబరులో కేసు రాజీతో ముగిసింది. ఖాతాదారులకు కనీసం 11.4 కోట్ల డాలర్ల ఊరట ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. మీరు ఎక్కడ గీకారో వాళ్లకెలా తెలుస్తుందంటారా? ప్రతి వ్యాపారికీ అతను అమ్మే సరుకును బట్టి నాలుగంకెల కోడ్ ఉంటుంది. బిల్లులో మీకు దుకాణం పేరు కనిపిస్తే, బ్యాంకుకు ఆ కోడ్ కనిపిస్తుంది.

కార్డు కంపెనీ ఎదురు డబ్బిచ్చి మరీ సాగనంపిన సందర్భమూ ఉంది. 2009 ఫిబ్రవరిలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఎంపిక చేసిన కొందరికి, బకాయి మొత్తం కట్టేసి ఖాతా మూసుకుంటే 300 డాలర్ల ప్రీపెయిడ్ కార్డు ఇస్తామని ఆఫర్ పెట్టింది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు కొందరు ఇప్పటికీ హడలిపోయే మాట ఒకటుంది: ఫైనాన్షియల్ రివ్యూ. ఖర్చు ఉన్నట్టుండి పెరిగినా, చెప్పిన ఆదాయానికీ వాడకానికీ పొంతన కుదరకపోయినా అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఆ మనిషి పేరున ఉన్న తన కార్డులన్నిటినీ స్తంభింపజేసి కాగితాలు అడుగుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లతో ఆగదు. మీ పన్ను రిటర్నుల వివరాలు ప్రభుత్వం నుంచి నేరుగా తెప్పించుకోవడానికి ఒక ఫారం మీద సంతకం పెట్టమంటుంది. పెట్టకపోతే ఖాతా మూతే. ఇన్నేళ్ల మంచి చెల్లింపులు ఈ పరీక్షలో అక్కరకు రావు. అక్కడ అడిగేది ఇంతవరకూ ఎలా కట్టావని కాదు, ఇకపై దేనితో కడతావని.

అమెరికాలో 2009 నాటి కార్డు చట్టం ప్రకారం వడ్డీ పెంచాలంటే 45 రోజుల ముందు చెప్పాలి. లిమిట్ తగ్గించడానికి ఆ ముందస్తు నోటీసు అక్కర్లేదు. మన దగ్గర కూడా లెక్క దాదాపు అంతే. ఆర్‌బీఐ నిబంధనల్లో లిమిట్ పెంచాలంటే మీ అనుమతి కావాలి. తగ్గిస్తే మీకు తెలియజేస్తే చాలు. కార్డును బ్లాక్ చేసినా, రద్దు చేసినా ఎస్సెమ్మెస్సో ఈమెయిలో పంపి కారణం కూడా చెప్పాలి. ఏడాదికి మించి వాడని కార్డును అయితే కబురు పెట్టి, 30 రోజుల్లో మీ నుంచి జవాబు రాకపోతే, బాకీలేవీ లేకుంటే మూసేయవచ్చు. బీరువాలో భద్రంగా దాచిన కార్డు కూడా అలాగే పోతుంది.

మన పట్టణాల్లో మంచి ఖాతాదారులు కూడా బ్యాంకు రివ్యూకు చిక్కే దారులు కొన్ని ఉన్నాయి. రెండు శాతమో మూడు శాతమో కమీషన్ ఇచ్చి తెలిసిన దుకాణంలో కార్డు గీకి నగదు తెచ్చుకోవడం, ఒక కార్డు బిల్లుకు ఇంకో కార్డు గీకే రొటేషన్, లక్ష లిమిట్ మీద మధ్యమధ్య డబ్బు కట్టుకుంటూ నెలలో మూడు లక్షలు తిప్పడం, సొంత వాడకానికిచ్చిన కార్డుతో షాపుకు సరుకు కొనడం. మీ దృష్టిలో బిల్లు కట్టేశారు, సంగతి ముగిసింది. బ్యాంకు కంప్యూటర్‌కు మాత్రం అది చేతిలో డబ్బాడని మనిషి చేసే పనిలా కనిపిస్తుంది. పైగా 2025 జనవరి నుంచి బ్యాంకులు మీ అప్పుల వివరాలను క్రెడిట్ బ్యూరోలకు కనీసం పదిహేను రోజులకోసారి పంపాలి. వేరే చోట తీసుకున్న పర్సనల్ లోన్ ఇక్కడి కార్డు బ్యాంకుకు త్వరగా తెలిసిపోతుంది.

కోత ఒక చోటితో ఆగకపోవడం ఇందులో అన్యాయమైన భాగం. 4 లక్షల లిమిట్‌లో లక్ష వాడుతున్నారంటే వాడకం 25 శాతం. లిమిట్ లక్షన్నరకు దిగితే, మీరు కొత్తగా రూపాయి ఖర్చు పెట్టకుండానే అది 67 శాతమవుతుంది. క్రెడిట్ స్కోరు పడుతుంది. పడిన స్కోరు చూసి రెండో బ్యాంకు కూడా కత్తెర తీయవచ్చు.

కార్డు రద్దుకో బ్లాక్‌కో కారణం చెప్పలేదనిపిస్తే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఫీజు లేదు. విసిగిపోయి కార్డే వద్దనుకుంటే, బకాయిలు లేనప్పుడు అడిగిన ఏడు పనిదినాల్లో బ్యాంకు దాన్ని మూయాలి. ఆలస్యం చేస్తే, మూసేదాకా రోజుకు 500 రూపాయల చొప్పున మీకే కట్టాలి.