మేజామీది విమానము

భూమిని విడువకయే ఆకాశగమనము ననుభవింపవలెనను కోరిక విమానముతోడనే పుట్టినదని చెప్పవచ్చును గాని, ఆ కోరికకు యంత్రరూపము నిచ్చిన ఘనత అమెరికాలోని బింగ్‌హాంటన్ పట్టణమున ఆర్గన్ వాద్యములను నిర్మించు నొక కర్మాగారమునకు జెందుననిన పెక్కుమంది నమ్మరు. ఆ కర్మాగారపు యజమాని కుమారుడైన ఎడ్విన్ లింక్, విమానచోదనము నేర్చుటకగు వ్యయము దుర్భరముగ దోచి, వాద్యములలో గాలి నింపు తిత్తులనే తీసికొని, వానిపై నొక చిన్న పెట్టెను నిలిపి, చోదకుడు కఱ్ఱను గదల్చినప్పుడెల్ల నది విమానమువలెనే యొరుగునట్లును దిరుగునట్లును 1929 నాటికి సిద్ధపఱచెను. మొదట దానిని కొన్నవారు వినోదశాలలవారే. 1934లో అమెరికా సైనిక వైమానికులు టపా మోయు భారమును దలకెత్తుకొని, మంచులోను దుపానులలోను దారి గానక యొకరివెంట నొకరు మృతినొందగా, అధికారుల దృష్టి ఆ పెట్టెపైకి మరలెను. వారితో మాటలాడుటకు లింక్ నూవర్క్ విమానాశ్రయమునకు రావలసిన దినమున దట్టమైన మంచు గ్రమ్మియుండెననియు, ఇక రాడని వారు లేచిపోవనున్న తరుణమున నాతడు పరికరములను మాత్రమే చూచుకొనుచు విమానమును దింపెననియు చెప్పుదురు. అంతకు మించిన ప్రకటన యే వ్యాపారికి లభించును? సైన్యమువారు ఆరు యంత్రములను గొనిరి.

అయితే లింక్ పెట్టెలో చూచుటకేమియు లేదు. మూత వేసిన పిమ్మట చోదకునికి గోచరించునవి సూచికలే. నేలను, నింగిని కంటికి గట్టించు పని కంప్యూటరు కొఱకు మిగిలియుండెను. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున విమానచోదనమును, విద్యుచ్ఛాస్త్రమును రెండింటిని నెఱిగిన బ్రూస్ ఆర్ట్‌విక్ అను యువకుడు, కంప్యూటరు గీయు చలచ్చిత్రములతో విమానగమనమును జూపవచ్చునని 1975లో సిద్ధాంతవ్యాసము వ్రాసి, కొలది యేండ్లకే ఆపిల్ 2 యంత్రము కొఱకు దానిని క్రీడగా మార్చెను. క్షణమునకు సుమారు పదిలక్షల గడియార స్పందనములు మాత్రమే గల ఆ యంత్రపు ప్రాసెసరుపై పర్వతములు గీతలుగను, నేల గళ్ళుగను గనబడెడివి. 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ క్రీడను ఐబీఎమ్ పీసీకి దెచ్చెను. అందలి ప్రాసెసరు స్పందనములు క్షణమునకు నలువదియేడు లక్షల డెబ్బదివేలు. చికాగో నగరపు సరస్సు నంచున నాడుండిన మీగ్స్ విమానాశ్రయమున రన్‌వేపై నిలిచిన చిన్న సెస్నా విమానము, ఒక తరమువారి బాల్యమున నిలిచిపోయినది. వింత యేమనగా, ఐబీఎమ్ యంత్రమునకు నకళ్ళను చేసిన సంస్థలు తమ సరకు నిక్కమైన నకలేనా యని తేల్చుకొనుటకు లోటస్ 1-2-3 అను లెక్కల ప్రోగ్రాముతోబాటు ఈ విమానక్రీడను గూడ నడిపి చూచెడివారు.

తరువాతి యిరువదేండ్లును కొత్త ప్రాసెసరును గొనవలెనా వలదా యను సందేహమునకు దావు లేకుండెను. వలదనునది ధనము మాత్రమే. 1993 నాటి తొలి పెంటియం 60, 66 మెగాహెర్ట్జ్ వేగములతో వెలువడగా, 2004 నాటికి పెంటియం 4 గడియారము 3.8 గిగాహెర్ట్జ్‌ను జేరెను. ప్రోగ్రాములు వ్రాయువారు కష్టింపనక్కఱలేకయే క్రీడలు తమంత తాముగా వేగవంతములైనవి. ట్రాన్సిస్టరు చిన్నదైనకొలది దానికి గావలసిన వోల్టేజియు దగ్గుచుండునని 1974లో రాబర్ట్ డెన్నార్డ్ చూపిన సూత్రము ఈ సుభిక్షమునకు మూలము. పరిమాణము మిక్కిలి సూక్ష్మమైన పిమ్మట కరెంటు కారిపోవుట మొదలై, ఉష్ణము పెచ్చుపెరిగి, ఆ సూత్రము సాగకపోయెను. 4 గిగాహెర్ట్జ్ పెంటియంను దెత్తుమని వాగ్దానము చేసి మానుకొన్న ఇంటెల్ సంస్థకు అధిపతియైన క్రెయిగ్ బారెట్, 2004లో నొక సభావేదికపై పరిహాసముగ మోకాలూని క్షమాపణ వేడెను. ఆ పరిహాసములోని విషాదమును విమానక్రీడాభిమానులు పిమ్మట చిరకాల మనుభవించిరి.

ఏలయనగా, వేగమును బెంచజాలని నిర్మాతలు ప్రాసెసరులోని గణనభాగములైన కోరుల సంఖ్యను బెంచసాగిరి: రెండు, నాలుగు, ఎనిమిది, పదునాఱు. విమానక్రీడకో, దీనివలన గలిగిన లాభ మత్యల్పము. ప్రతి చిత్రమునకు ముందు కఱ్ఱ కదలికను జదువవలెను. ఆ కదలికచే రెక్కలపై గలుగు బలములను గణింపవలెను. ఆ బలములచే విమాన మెచ్చటికి జరిగెనో నిర్ణయింపవలెను. అచ్చటినుండి కనబడు మేడలను, చెట్లను, ఇతర విమానములను లెక్కించి, గీయుమని గ్రాఫిక్సు కార్డున కాజ్ఞాపింపవలెను. ముందటిది ముగియక తరువాతిది మొదలు కాదు. పెండ్లిపందిటికి పదిమంది పురోహితులను బిలిచినంత మాత్రమున జీలకఱ్ఱ బెల్లము, మాంగల్యధారణము, తలంబ్రాలు ఒక్క క్షణముననే జరిగిపోవునా? పనిలో నాల్గవ పాలు ఇట్లు వరుస తప్పరానిదైనచో, కోరులు వేయియున్నను మొత్తము వేగము నాలుగు రెట్లను మించజాలదని జీన్ ఆమ్డాల్ వాదము ననుసరించి తేలును. ఆయన ఆ వాదమును జేసినది 1967లోనే.

మైక్రోసాఫ్ట్ విమానక్రీడకు క్రొత్తరూపముగ 2006లో వెలువడిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ ఈ మార్పు నడుమ జిక్కుకొనెను. నేలచిత్రములను దెచ్చుపనిని ఇతర కోరులకు బంచు సవరణ మఱుసటి యేడు వచ్చినను, ప్రధానభారము ఒక్క కోరుపైననే నిలిచెను. 2020 ఆగస్టున ఫ్రాన్సులోని బోర్డో నగరపు అసోబో స్టూడియోవారు రచించిన క్రొత్త సిమ్యులేటరు, రెండు పెటాబైట్లకు మించిన భూచిత్రసామగ్రిని ఇంటర్నెట్టు ద్వారా దెప్పించి యావద్భూగోళమును గన్నులయెదుట నిలిపినను, పెద్ద విమానాశ్రయమున పెద్ద విమానమును దింపునప్పుడు అదే యొంటికోరు చెమటోడ్చుచుండెను.

ఇక్కడ మఱియొక రహస్యము గలదు. నాలుగు గిగాహెర్ట్జ్ కోరునకు ఒక్క స్పందనమనగా నానోసెకనులో నాల్గవ పాలు. ర్యామునుండి ఒక సంఖ్యను దెప్పించుకొనుటకో, డెబ్బది యెనుబది నానోసెకనులు పట్టును. అనగా దాదాపు మూడువందల స్పందనములపాటు కోరు ఊరక కూర్చుండవలెను. అందుకే కోరు ప్రక్కనే క్యాషె యను చిన్న జ్ఞాపకస్థానము నేర్పఱతురు. వేలకొలది వస్తువుల వివరములను ప్రతిచిత్రమునకు దడవికొను విమానక్రీడకు ఆ స్థానము చాలదు. 2022 ఏప్రిల్‌లో ఏఎమ్‌డీ సంస్థ విడుదల చేసిన రైజెన్ 7 5800ఎక్స్3డి యందు, 32 మెగాబైట్ల క్యాషెపై మఱి 64 మెగాబైట్ల సిలికాను పలకను, టంకము లేకయే రాగిని రాగితో నంటించి నిలిపిరి. పైయంతస్తుచే వేడి వెలుపలికి బోవుట కష్టమై గడియారవేగము తన తోడుబుట్టిన 5800ఎక్స్ కన్న కొంత తగ్గినను, విమానక్రీడలో నిదియే ముందు నడచెను. గడియారవేగమును జూచి ప్రాసెసరుకు వెలగట్టు అలవాటును అభిమానులు మానుకొనవలసివచ్చెను.

ఇప్పుడు 2019 నాటి రైజెన్ 5 3600 గలవా డొకడు కలడనుకొందము. అతని యంత్రమున క్యాషె 32 మెగాబైట్లే యైనను, అది రెండుగ జీలియుండుటచే నే కోరునకైనను దగ్గఱనున్నది 16 మాత్రమే. 5800ఎక్స్3డి యందు ఎనిమిది కోర్లకును 96 ఉమ్మడి. ఈ రెండు ప్రాసెసరులును ఏఎమ్4 సాకెట్టువే గనుక మదర్‌బోర్డును మార్చనక్కఱలేదు. అయినను తొందరపడి సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోని కంప్యూటరు దుకాణములకు బరుగెత్తుట తగదు. టాస్క్ మేనేజరులో ప్రాసెసరు వినియోగము ముప్పదిశాతమే చూపుచున్నది గదా, దోషము దానిది కాదని వాదించువారు కలరు. పండ్రెండు థ్రెడ్లను, అనగా పనివరుసలను, ఒక్కసారి నడుపు ఇట్టి ప్రాసెసరులో నొక థ్రెడ్డు పూర్తిగ నిండినను మొత్తములో నది ఎనిమిది శాతమే యని వారెఱుగరు. సిమ్యులేటరులోని డెవలపర్ మోడు తెఱచినచో, అడ్డుపడుచున్నది మెయిన్‌థ్రెడ్డో, గ్రాఫిక్సు కార్డో అదియే చెప్పును. అదియు వలదనుకొన్న, రిజల్యూషనును తగ్గించి చూడవలెను: చిత్రసంఖ్య పెరిగినచో లోపము కార్డుది, కదలకున్నచో ప్రాసెసరుది.

లోపము ప్రాసెసరుదేయని తేలినను, మఱి రెండు పనులు ధనవ్యయము లేకయే చేయవచ్చును. మొదటిది, 3200 వేగమునకై కొన్న ర్యాము బయాసులో ఎక్స్ఎమ్‌పీ యను వేగపు అమరిక నెంచకపోవుటచే 2133 వద్దనే నడచుచున్నదేమో చూచుకొనుట. ఇట్టి యంత్రములు లోకమున నెన్నియో కలవు. రెండవది, టెరెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిలును, ఇతర విమానముల రాకపోకలను గొంత తగ్గించుట. కొండలపై సెస్నాను నింపాదిగ నడపుచు క్షణమునకు ముప్పది చిత్రములతో దృప్తినొందువానికి ఇంతటితోనే కార్యము ముగియును, అట్టివాడు డబ్బు దాచుకొనుటయే మేలని నా యభిప్రాయము. రద్దీ విమానాశ్రయములలో గాజుతెరల కాక్‌పిట్టుగల పెద్ద విమానములను దింపుట యందే యాసక్తి గలవానికి, తలకు విఆర్ హెడ్‌సెట్టును దగిలించుకొనువానికి మాత్రము క్రొత్త ప్రాసెసరు అవసరమే. 2024 నవంబరున వచ్చిన 9800ఎక్స్3డి యందు క్యాషె పలకను కోర్ల క్రిందికి మార్చి వేడి చిక్కును దీర్చినారు గాని, దానికై మదర్‌బోర్డును, డీడీఆర్5 ర్యామును గూడ గొనవలెను. ఆ ఖర్చు ప్రాసెసరు వెలతో నాగదు.

5800ఎక్స్3డి నెంచుకొన్నవాడు, పాత ప్రాసెసరు బోర్డులో నుండగనే బయాసును నవీకరింపవలెను. లేనిచో బోర్డు కొత్తదానిని గుర్తింపక తెఱ నల్లగనే నిలుచును. కూలరును దీయుటకు ముందు యంత్రమును కొంతసేపు నడిపి, థర్మల్ పేస్టు మెత్తబడిన పిమ్మట యంత్రము నాపి, కూలరును నిట్టనిలువుగ లాగక మెల్లగ నటునిటు ద్రిప్పి యెత్తవలెను. ఏఎమ్4 ప్రాసెసరులకు సూదులు క్రిందనుండుటచే, బలముగ లాగినచో కూలరుకంటుకొని ప్రాసెసరే సాకెట్టునుండి యూడివచ్చును, అప్పుడు వంగిన సూదులను భూతద్దముతో నొకటొకటిగ సరిదిద్దుకొనవలసియుండును.