గోండుల సగ, ధర్మనిర్ణయము

ఆదిలాబాదు ప్రాంతపు గోండుల న్యాయవ్యవస్థను గూర్చి వ్రాయువారు సాధారణముగా పట్లా, పంచాయతి, జరిమానాలతో ఆరంభింతురు. మా అభిప్రాయమున ఆరంభింపదగినవి సంఖ్యలు.

గోండు సమాజము నాల్వెన్, సీవెన్, సార్వెన్, యేర్వెన్ అను నాలుగు సగలుగా విభక్తమై యున్నది. మూలపురుషులైన అన్నదమ్ములు నలుగురా, ఐదుగురా, ఆరుగురా, ఏడుగురా అనుదానిని బట్టి యీ పేర్లు కలిగినవి. దేవతల లెక్కగా చెప్పుటయు వాడుక. భాషాపరిశోధకులకు ఇచ్చట ఒక విశేషము కలదు. మన ఐదు, ఆరు గోండిలో సైయుంగ్, సారుంగ్. మూలద్రావిడమునందు ఈ పదముల ఆదిని చకారముండెను. తెనుగున అది లోపింపగా గోండిలో సకారమై నిలిచినది.

ఒకే సగవారు, ఇంటిపేర్లు వేరైనను, అన్నదమ్ములే. వారిలో వారికి వివాహము నిషిద్ధము. ఇది లౌకికమైన కట్టుబాటు మాత్రమే కాదు. పహండి కుపార్ లింగాల్ గోండులను గుహనుండి విడిపించి సగలుగా విభజించెనని పురాణము చెప్పును. కావున నిషేధమును మీరుట దైవవిధిని మీరుటయే. అట్టివారికి ముఖ్యశిక్ష ధనదండము కాదు, సహపంక్తి నుండి వెలి. తిరిగి చేర్చుకొనుటయు విందుతోనే జరుగును. కేస్లాపూరులో పుష్య అమావాస్యకు జరుగు నాగోబా జాతరయందు మెస్రం వారి క్రొత్త కోడండ్రను దేవునికి పరిచయము చేయు భేటింగు కూడ ఈ దృష్టితో చూడదగినది: వంశములో చేరికకు సాక్షి దైవమే.

1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము మరణించిన పిదప నైజాము ప్రభుత్వము గోండుల స్థితిని విచారించుటకు హైమెన్‌డార్ఫును నియోగించెను. ఆ దశకముననే కేస్లాపూరు దర్బారు ఏర్పడినది. ఫసలీ 1356 నాటి గిరిజన ప్రాంతముల శాసనము, ఫసలీ 1359 నాటి నియమములు వెలువడినవి. దర్బారులో అధికారులు భూమి, అడవి, నీటి మొరలు విందురు. దానిని గోండుల ధర్మాసనమని వర్ణించుట పొరపాటు. అది ప్రభుత్వమునకు విన్నవించుకొను స్థలము. సగభంగమును విచారించునది పెద్దల కూటమి.

ఆ కూటమికి శాసనగ్రంథము లేదు. కిక్రి వాయించుచు పర్ధానులు పాడు వంశగాథయే దానికి ఆధారము. ఎవ్వరు ఎవ్వరికి సోదరులో, ఏ పెర్సాపేన్‌ను ఎవ్వరు కొలువవలెనో అందు నిలిచియున్నది. ఆ గాథలను జానపద సాహిత్యముగా సేకరించినవారు వంశనామముల పట్టికను పునరుక్తియని వదలివేయుట కద్దు. తీర్పునకు వలసినది ఆ పట్టికయే.