నూరు దేని మీద?

శాతం అంటే నూటికి. నూటికి ఇరవై అంటే ఇరవై శాతం. ఇది మనకు కొత్త మాట కాదు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే అందరికీ తెలుసు. అయినా శాతాల లెక్కలో చాలామంది ఒకచోట తడబడతారు. ధర పెరిగినా, తగ్గినా దేన్ని నూరుగా తీసుకోవాలి? ఆ సంగతి తెలుసుకుందాం.

పల్లికాయ ధర

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న మూడూ వేరు జిల్లాల కేంద్రాలయ్యాయి. ఈ ప్రాంతంలో రైతులు పల్లి పండిస్తారు.

ఒక మహిళా రైతు మార్కెట్ యార్డుకు పల్లికాయ తెచ్చిందనుకుందాం. పోయిన వారం క్వింటాలు ధర 5,000 రూపాయలు. ఈ వారం 20 శాతం పడిపోయింది. 5,000లో 20 శాతం అంటే 1,000. ధర 4,000కు దిగింది. ఆమె అమ్మకుండా ఆగింది. పై వారం ధర 20 శాతం లేచింది.

"ఇరవై పోయింది, ఇరవై వచ్చింది. చెల్లుకు చెల్లు. పాత ధర వచ్చినట్టే గదమ్మా!" అన్నాడు అడ్తిదారు.

"అట్లెట్ల సేటూ? లెక్క చేసి చెప్పు" అన్నది ఆమె.

లెక్క చేద్దాం. ఇప్పుడు ధర లేచింది 4,000 మీద. 4,000లో 20 శాతం అంటే 800. కొత్త ధర 4,800. పాత ధరకు ఇంకా 200 తక్కువ. పది క్వింటాళ్లు అమ్మితే 2,000 రూపాయలు తక్కువ వస్తాయి.

పాత ధర రావాలంటే 1,000 పెరగాలి. 4,000లో 1,000 నాలుగో వంతు. అంటే 25 శాతం పెరగాలి.

గుర్తుంచుకోండి: మార్పుకు ముందు ఎంత ఉందో, అదే నూరు.

1. ముందున్న అంకె, తర్వాతి అంకె రాయాలి.
2. రెండింటి తేడా తీయాలి.
3. తేడాను నూరుతో గుణించి, ముందున్న అంకెతో భాగించాలి.

చీర మీద తగ్గింపు

గద్వాల చీర పేరున్న చీర. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు ఉంటాయి. ఒక దుకాణంలో చీర ధర 4,000 అనుకుందాం. పండుగ ముందు ధర 25 శాతం పెంచారు. 5,000 అని చీటీ అంటించారు. తర్వాత "20 శాతం తగ్గింపు" అని బోర్డు పెట్టారు. 5,000లో 20 శాతం 1,000. అది తీసేస్తే మళ్లీ 4,000. కొనేవాళ్లకు ఒక్క రూపాయి కూడా కలిసిరాలేదు. అందుకే బోర్డు చూసి మురిసిపోవద్దు. ముందు ధర ఎంతో అడగాలి.

చదువు లెక్క

2001 జనాభా లెక్కల ప్రకారం మహబూబ్‌నగర్ జిల్లాలో నూటికి సుమారు 44 మందికి చదువు వచ్చు. 2011లో సుమారు 55 మందికి వచ్చు. ఈ నూరుమందిలో ఏడేళ్లు నిండని పిల్లలను లెక్కపెట్టరు.

ఎంత పెరిగింది? నూటికి 11 అంటారు ఒకరు. దాదాపు 25 శాతం అంటారు ఇంకొకరు. ఇద్దరి మాటా తప్పు కాదు. మొదటివారు 55లోంచి 44 తీసేశారు. ఈ తేడాను శాతం పాయింట్లు అంటారు. రెండోవారు ముందున్న 44ను నూరుగా తీసుకున్నారు. 44లో 11 నాలుగో వంతు.

అయితే పెద్ద అంకె ఒక్కటే వింటే అసలు సంగతి మరుగున పడుతుంది. 2011లో కూడా నూటికి 45 మందికి చదువు రాలేదు.

కాబట్టి ఎవరు శాతం చెప్పినా ఒక్క మాట అడగాలి. "దేని మీద?"

మీరు చేయండి

టమాట కిలో 20 నుంచి 40 రూపాయలు అయింది. ఎంత శాతం పెరిగింది? మళ్లీ 40 నుంచి 20కి దిగింది. ఎంత శాతం తగ్గింది?

జవాబులు: పెరిగింది 100 శాతం. తగ్గింది 50 శాతం.